ఇల్లు కాలిన తర్వాత - బూడిద ఎత్తే ముందు

ఇల్లు కాలిందన్న కబురు అందగానే మన మొహల్లా ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే. ఒకరు బియ్యం బస్తా పంపుతారు, ఒకరు దుప్పట్లు, ఒకరు పిల్లల బట్టలు. కుర్రాళ్ళు పదిమంది చేరి మధ్యాహ్నానికల్లా బూడిద ఎత్తి, గోడలు కడిగి పెడతారు. మొదటి మూడూ వెంటనే చేయవలసినవే. నాలుగోది మాత్రం కొన్నాళ్ళు ఆగాలి. ఆ కుటుంబానికి రావలసిన డబ్బుకు సాక్ష్యం ఆ బూడిదలోనే ఉంటుంది. మనం ఇచ్చే సదఖాతో వారికి కొన్ని వారాలు గడుస్తాయి. ఇల్లు మళ్ళీ నిలబడాలంటే వారి హక్కుగా ఉన్న బీమా సొమ్ము కూడా చేతికి అందాలి.

ముందు నష్టం సంగతి. కంటికి కనిపించేది అందులో కొంతే. కాంక్రీటు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది, చాలాసార్లు గులాబీ ఛాయకు తిరుగుతుంది. లోపలి ఇనుప చువ్వలు 600 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం పోగొట్టుకుంటాయి. కాబట్టి పెచ్చులూడిన శ్లాబు మీద సిమెంటు పూసి, సున్నం కొట్టి కాపురం పెట్టడం ప్రమాదం. ఇంజనీరు చూసి తీరాలి. కరెంటు వైర్ల మీది పి.వి.సి. తొడుగు కాలితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి ఉంటుంది. బడిలో ఆమ్లాలు లోహాన్ని తింటాయని చెబుతామే, అదే పాఠం ఇక్కడ పక్క గదిలో జరుగుతుంది. మంట అంటని టీవీ, మిక్సీ, స్విచ్‌బోర్డు నెల తిరిగేసరికి పాడవుతాయి. ఫైరింజను నీళ్ళకు నానిన పరుపులు, బీరువాలు ఇంకొకటి. మనవాళ్ళు కాలినవే రాస్తారు. మసి పట్టినవి, తడిసినవి వదిలేస్తారు. అవీ అగ్ని నష్టమే.

"మాకు బీమా ఎక్కడిదండీ?" అన్న మాటే మాకు ఎక్కువగా వినిపిస్తుంది. చాలా ఇళ్ళలో ఉంటుంది, ఉన్నట్టు తెలియదు. వంటగ్యాసు సిలిండరు వల్ల ప్రమాదం జరిగితే చమురు కంపెనీలు తమ వినియోగదారుల కోసం తీసుకున్న పాలసీ వర్తిస్తుంది. ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదంలో 2 లక్షల రూపాయల వరకు, మరణిస్తే మనిషికి 6 లక్షలు, చికిత్సకు మనిషికి 2 లక్షల వరకు అందులో ఉంది. ప్రీమియం వినియోగదారు కట్టేది కాదు. బీమా విషయంలో ఎవరి సందేహం వారు తమ ఆలిమ్‌ను అడిగి తీర్చుకోవచ్చు, ఆ చర్చ మా పరిధి కాదు. అయితే ఆ సందేహంతో దీనిని కూడా అడగకుండా వదులుకునేవారున్నారని చెప్పక తప్పదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆస్తి నష్టం ఇచ్చేది గ్యాసు పుస్తకంలో నమోదైన చిరునామాలో ప్రమాదం జరిగితేనే. అద్దె ఇళ్ళు మారుతూ, నానీమా పేరున పాత వీధిలో ఉన్న కనెక్షనుతోనే వండుకునే కుటుంబాలు మన దగ్గర ఎన్నో! డీలరు దగ్గర అడ్రసు మార్పించుకోనందుకు 2 లక్షలు పోవచ్చు.

బ్యాంకు లోనుతో కట్టిన ఇల్లయితే బ్యాంకే పాలసీ చేయించి ఉండవచ్చు. లోను కాగితాలు తిరగేయాలి. అందులో ఉన్నది మనిషి ప్రాణానికి చేసిన బీమానా, ఇంటికి చేసినదా అన్నది చూసుకోవాలి.

సొంతంగా తీసుకునేవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీల దగ్గరా ఒకే నమూనాలో 'భారత్ గృహ రక్ష' ఉంది. దీనిలో లెక్కకు వచ్చేది కట్టడపు ఖర్చే, స్థలం ధర కాదు. భవనానికి తీసుకుంటే సామానుకు దాని మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, తనంతట తానే చేరుతుంది. అద్దెకున్నవారు సామానుకే తీసుకోవచ్చు. నోట్ల కట్టలు, దస్తావేజులు మామూలుగా ఇందులో రావు. ఫ్రిజ్‌లో షార్టు సర్క్యూటై ఇల్లు అంటుకుంటే ఇంటికి ఇస్తారు, ఆ ఫ్రిజ్‌కు మాత్రం ఇవ్వరు.

ఇక చేయవలసిన పని. 101కు ఫోను, పోలీసులకు ఫిర్యాదు, ఫైర్ స్టేషన్ నుంచి ధ్రువపత్రం. గ్యాసు ప్రమాదమైతే డీలరుకు రాతపూర్వకంగా తెలిపి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. సొంత పాలసీ ఉంటే కంపెనీకి వెంటనే చెప్పాలి. గృహ రక్షలో క్లెయిము ఫారానికి గడువు 30 రోజులు. కంపెనీ పంపే సర్వేయరు వచ్చేదాకా కాలిన సామాను పారేయకూడదు. ఇల్లు కూలేలా ఉంటే ముందు ఫోటోలు, వీడియో తీసి తర్వాతే కదపాలి. సర్వేయరుకు ఫీజు కంపెనీ ఇస్తుంది, బాధితులు ఒక్క రూపాయీ ఇవ్వనక్కరలేదు. బిల్లులు కాలిపోతే దుకాణదారు దగ్గర నకలు అడగవచ్చు. పెళ్ళి ఫోటోల వెనక కనిపించే బీరువా, మంచం కూడా ఆధారమే.

కళ్ళముందే ఇల్లు బూడిదైన తల్లికి ఈ కాగితాలు గుర్తుండవు. అందుకే బియ్యంతో పాటు రాయడం వచ్చిన మనిషిని ఒకరిని ఆ ఇంటికి పంపమని, జిరాక్సు, ఆటో ఖర్చులు భరించమని దాతలను కోరుతున్నాం. కంపెనీ కాదన్నా, నెలలోపు జవాబివ్వకున్నా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అవసరమూ లేదు.