వైజ్ఞానిక కల్పనలో అభిమానుల జంటకూర్పు: ఉభయనిష్ఠరతి దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సినిమా, నవల, టెలివిజన్ ధారావాహికల్లోని పాత్రలను తీసుకొని అభిమానులు స్వయంగా రాసే కథలను ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఈ వ్యాసంలో దీనిని ‘అభిమాన కల్పన’ అని వ్యవహరించడం జరిగింది. మూలకర్త ప్రేమికులుగా చూపని రెండు పాత్రలను జత చేయడం ఇందులోని ప్రధాన ధోరణి. ఈ జంటకూర్పు మూలపాఠాన్ని వ్యాఖ్యానించే ఒక పద్ధతి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వ్యాఖ్యానపు బలాబలాలను నిర్ణయించడానికి అలంకారశాస్త్రంలోని ఉభయనిష్ఠరతి భావన ఎలా ఉపకరిస్తుందో ‘స్టార్ ట్రెక్’, ‘మాయాబజార్’, ‘దానవీరశూరకర్ణ’, ‘కల్కి 2898 ఏడీ’ ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలకపదాలు: అభిమాన కల్పన, జంటకూర్పు, వైజ్ఞానిక కల్పన, రసాభాస, ఉభయనిష్ఠరతి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ తూర్పు భాగాన ఉప్పల్ రోడ్డు వెంట జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ ఉన్నాయి. వాటికి కొద్ది దూరంలో, నాచారంలో ఎన్.టి. రామారావు పేరుతో ముడిపడిన రామకృష్ణ స్టూడియో ఉంది. పురాణకల్పనకు తెరరూపమిచ్చిన చోటు, విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలు ఇంత దగ్గరగా ఉన్న ఈ ప్రాంతపు కళాశాలల్లో తెలుగు చదివే విద్యార్థులకు అభిమాన కల్పన కొత్తది కాదు. వారు దానిని ఫోనులో, ఎక్కువగా ఇంగ్లీషులో చదువుతారు. అయితే అదే విషయాన్ని పరిశోధనాంశంగా ప్రతిపాదిస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న “ఇది సాహిత్యమేనా?” అన్నది. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల పరికరాలు మన విమర్శ సంప్రదాయంలోనే ఉన్నాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జంటకూర్పు: పుట్టుక, పరిభాష

1966లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికతో ఆధునిక అభిమాన కల్పనకు ఒక రూపం ఏర్పడింది. 1967లోనే ‘స్పాకనేలియా’ అనే అభిమానుల పత్రిక వెలువడింది. అంతరిక్షనౌక నాయకుడు కెప్టెన్ కిర్క్, అతని సహచరుడైన వల్కన్ జాతీయుడు స్పాక్ మధ్య స్నేహాన్ని కొందరు రచయిత్రులు ప్రేమగా చదివారు. 1974లో డయాన్ మర్చంట్ రాసిన చిన్న కథను ఈ జంటపై అచ్చయిన తొలి రచనగా చరిత్రకారులు పరిగణిస్తారు. అందులో పాత్రల పేర్లు కూడా ఉండవు.

రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత గీస్తే వారు ప్రేమికులని అర్థం. ఆ గీతకు ఇంగ్లీషులో ఉన్న పేరునుబట్టి, ముఖ్యంగా స్వలింగ ప్రేమను చిత్రించే కథలకు ‘స్లాష్’ అన్న పేరు స్థిరపడింది. గీతకు బదులు ‘అండ్’ గుర్తు ఉంటే అది స్నేహకథ. 1990ల్లో ‘ఎక్స్ ఫైల్స్’ ప్రేక్షకులు నాయికానాయకులు ప్రేమికులు కావాలనేవారు, కారాదనేవారు అని రెండుగా చీలారు. మొదటి పక్షానికి ‘షిప్పర్లు’ అనే పేరు వచ్చింది. సంబంధం అనే అర్థమిచ్చే ‘రిలేషన్‌షిప్’ అన్న మాట చివరి భాగం నుంచి ఇది పుట్టింది. 2009లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అభిమాన రచనల భాండాగారానికి 2019లో వైజ్ఞానిక కల్పనారంగపు ప్రతిష్ఠాత్మక హ్యూగో పురస్కారం లభించింది.

3. జత చేయడం ఒక పఠనపద్ధతి

హెన్రీ జెన్కిన్స్ 1992లో వెలువరించిన ‘టెక్స్చువల్ పోచర్స్’ గ్రంథంలో అభిమానులు మూలపాఠం నుంచి తమకు కావలసినవి ఏరుకొని కొత్త అర్థాలు నిర్మించే చురుకైన పాఠకులని వాదించాడు. వైజ్ఞానిక నవలా రచయిత్రి జొయానా రస్ 1985లో కిర్క్–స్పాక్ కథలను పరిశీలించి, ఎక్కువ తక్కువలు లేని ప్రేమను ఊహించడానికి స్త్రీలు ఈ జంటను ఎంచుకున్నారని వివరించింది. ఆనాటి ధారావాహికల్లో స్త్రీపాత్రకు నాయకుడితో సమానమైన స్థానం అరుదు. సమానత్వం ఇద్దరు పురుషపాత్రల మధ్యనే కనిపించడంతో వారి కల్పన అక్కడ మొదలైంది.

ఈ కల్పనకు మూలంలో ఆధారాలున్నాయి. 1967లో ప్రసారమైన ‘అమోక్ టైమ్’ భాగంలో వల్కన్ జాతి శరీరధర్మం ప్రకారం స్పాక్ స్వగ్రహానికి వెళ్లి జతకూడకపోతే మరణిస్తాడు. అతనికోసం కిర్క్ తన ఉద్యోగాన్నే పణంగా పెడతాడు. మూలకర్త జీన్ రాడెన్‌బెరీ 1979లో ప్రచురించిన నవలలో స్పాక్ భాషలోని ఒక పదానికి మిత్రుడు, సోదరుడు, ప్రియుడు అనే అర్థాలు చెప్పాడు. మూలం తెరిచి ఉంచిన ఖాళీలోకి పాఠకుడు ప్రవేశించాడని దీనివల్ల తెలుస్తుంది.

4. తెలుగు సంప్రదాయంలో జంటకూర్పు

ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని ఇతివృత్తాన్ని మూడుగా విభజించిన సంప్రదాయానికి ఈ ప్రక్రియ అపరిచితం కాదు. ప్రఖ్యాతకథలో ఉత్పాద్యమైన జంటను చేర్చడం మిశ్రేతివృత్తం అవుతుంది. దీనికి శశిరేఖాభిమన్యులు చక్కని ఉదాహరణ. వ్యాసభారతంలో అభిమన్యుడు ఉత్తరను వివాహమాడతాడు, శశిరేఖ అనే పాత్రే లేదు. అయితే అభిమన్యుని తల్లి సుభద్ర బలరాముని చెల్లెలు. మేనరికం బలంగా ఉన్న సమాజం ఈ కథ వింటే “మేనమామ కూతురు ఏదీ?” అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. ఆ ఖాళీని జనశ్రుతి, నాటకం, సినిమా పూరించాయి. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక ద్వారా దూరంగా ఉన్న ప్రియుణ్ణి శశిరేఖ చూస్తుంది. పురాణజంటకు వైజ్ఞానిక కల్పన వంటి సాధనం తోడైన ఘట్టమిది.

రామకృష్ణ సినీ స్టూడియోస్ సంస్థ 1977లో విడుదల చేసిన ‘దానవీరశూరకర్ణ’ మరొక ముఖ్యమైన ఉదాహరణ. ఇందులో దుర్యోధనునికి భానుమతితో యుగళగీతం ఉంది. వ్యాసభారత శాంతిపర్వంలో కళింగ రాకుమారి స్వయంవరంలో దుర్యోధనుణ్ణి దాటి ముందుకు సాగుతుంది. అతడు కర్ణుని అండతో ఆమెను బలవంతంగా తీసుకుపోతాడు. ఆ సందర్భంలో ఆమెకు పేరైనా లేదు. భట్టనారాయణుని ‘వేణీసంహారం’ నాటకంలో దుర్యోధనుని భార్య భానుమతి. రెండవ అంకంలో వారి శృంగారం కనిపిస్తుంది. వీరులెందరో నేలకూలుతున్న వేళ ఆ శృంగారవర్ణన అకాలంలో చేసిన విస్తరణమని మమ్మటుడు దోషం పట్టాడు. అంటే ఒక జంటను కూర్చడం ఉచితమా అన్న చర్చ పదకొండో శతాబ్దినాటికే మన విమర్శలో ఉంది.

5. వైజ్ఞానిక కల్పన చేసే ప్రత్యేకమైన పని

సాధారణ ప్రేమకథలో కులం, కుటుంబం, ధనం అడ్డుగోడలు. వైజ్ఞానిక కల్పనలో కాలం, శరీరం, జాతి, గ్రహం ఆ స్థానంలోకి వస్తాయి. కాలయానం వల్ల ప్రేమికుల మధ్య శతాబ్దాల దూరం ఏర్పడవచ్చు. శరీరం మారితే ప్రేమించినది ఎవరిని అన్న ప్రశ్న పుడుతుంది. పదహారో శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కలభాషిణికి రంభ రూపాన్ని, మణికంధరునికి నలకూబరుని రూపాన్ని ఇచ్చి ఈ ప్రశ్ననే కథగా నడిపాడు. అక్కడ వరం చేసిన పనిని ఇక్కడ యంత్రం చేస్తుంది.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో కృష్ణకుమార్, హేమ కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికి చేరతారు. రాజనర్తకి సింహనందిని వారికి ఎదురయ్యేది అక్కడే. కృష్ణకుమార్ ఆ కాలంలోనే ఉండిపోతే ఏమయ్యేదని ఒక పాఠకురాలు కథ రాస్తే, యంత్రం కేవలం వాహనంగా మిగలదు. అది విప్రలంభానికి కారణమై, శృంగారానికి విభావసామగ్రిలో భాగమవుతుంది.

6. కొలమానం: ఉభయనిష్ఠరతి

జంట మూలంలో ఉందా లేదా అన్న ప్రశ్నతో విలువ నిర్ణయం జరగదు. అలా నిర్ణయిస్తే శశిరేఖ మనకు దక్కదు. రతి ఇద్దరిలోనూ ఉందా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో ఒకరిలోనే ఉన్న రతిని, అంటే అనుభయనిష్ఠరతిని, శృంగారాభాసగా లెక్కించాడు. ప్రతినాయకనిష్ఠమైన రతిని, అధమపాత్రగతమైన రతిని కూడా ఆ జాబితాలోనే చేర్చాడు. చివరిది పాత్రల అంతస్తును బట్టి ప్రేమకు అర్హతను నిర్ణయించే నియమం, కనుక నేటి విమర్శకు అంగీకారం కాదు. మొదటిది మాత్రం నేటికీ చెల్లుతుంది. కిర్క్, స్పాక్‌ల విషయంలో కూడా ఇద్దరూ పురుషులన్నది ప్రశ్న కానవసరం లేదు. ప్రేమ ఇరువైపులా రుజువవుతోందా అన్నదే పరిశీలించవలసినది.

ఈ దృష్టితో చూస్తే ‘దానవీరశూరకర్ణ’ చేసిన మార్పు స్పష్టమవుతుంది. భారతంలో బలవంతంగా సాగిన వివాహాన్ని అది పరస్పరానురాగంగా మార్చింది. దుర్యోధనుణ్ణి నాయకస్థాయికి తెచ్చి ప్రతినాయకదోషాన్నీ తప్పించింది. అయితే అదే మార్పులో స్వయంవరంలో అతణ్ణి కాదన్న రాకుమారి నిరాకరణ కనుమరుగైంది. జంటకూర్పును ప్రశంసించే విమర్శకుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’లో ఈ సమస్య మరింత తీవ్రంగా ఉంది. సుమతి ప్రయోగశాలలో, తన ఇష్టంతో నిమిత్తం లేకుండా గర్భవతి అయిన స్త్రీ. ఆమె కథలో ప్రియుని స్థానం ఖాళీగా ఉంది. భైరవ ఆమెను పట్టి అప్పగిస్తే వచ్చే ప్రతిఫలం కోసం వెంటాడతాడు. కథానాయకుడు, ప్రధాన స్త్రీపాత్ర అన్న కారణంతో వారిని జత చేయాలన్న కోరిక ప్రేక్షకుల్లో కలగడం సహజం. కాని ఆ ఖాళీ సినిమా చెప్పదలచిన విషయంలో భాగం. స్త్రీ శరీరంపై ఆమెకు హక్కులేని లోకం ఎలా ఉంటుందో అది చూపుతుంది. వేటగాని పట్టుదలను ప్రేమగా చదివితే ఆ హక్కు రెండోసారి పోతుంది. అలాంటి కథ రాయకూడదని నియమం పెట్టలేం. రాసే రచయిత సుమతి ఇష్టానికి కథలో స్వతంత్రమైన ఆధారం కల్పించాలి. భైరవ మారినంత మాత్రాన ఆ ఆధారం ఏర్పడదు.

7. పరిశోధకులకు సూచనలు

ఒక జంటకథను పరిశీలించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. మూలపాఠంలో ఈ జంటకు అవకాశమిచ్చిన ఖాళీ ఏది? వైజ్ఞానికాంశాన్ని తొలగిస్తే ఈ ప్రేమకథ మారుతుందా? రతి ఉభయనిష్ఠమని కథలోని అనుభావాలు రుజువు చేస్తున్నాయా? రెండో ప్రశ్నకు మారదని సమాధానం వస్తే అది వైజ్ఞానిక వేషం వేసుకున్న మామూలు ప్రేమకథ అవుతుంది.

సామగ్రి సేకరణలో జాగ్రత్త అవసరం. అభిమాన రచయితలు చాలామంది కలంపేర్లతో రాస్తారు. వారిలో కళాశాల విద్యార్థినులూ ఉండవచ్చు. వారి అనుమతి లేకుండా అసలు పేర్లు, ఊర్లు, కళాశాలలు సిద్ధాంతవ్యాసంలో బయటపెట్టరాదు. పాత్రలపై రాసిన కథనూ నిజమైన నటీనటుల జీవితంపై అల్లిన కథనూ ఒకే గాటన కట్టరాదు.

8. ముగింపు

జంటకూర్పు పాఠకుడు కథారూపంలో రాసిన వ్యాఖ్యానం. మేనరికపు లెక్కతో శశిరేఖను కల్పించిన ఊహ, స్నేహంలో ప్రేమను చదివిన స్టార్ ట్రెక్ రచయిత్రుల ఊహ ఒకే రకమైన పఠనం నుంచి పుట్టాయి. వాటిని పరీక్షించడానికి ఇతివృత్త విభాగం, విభావానుభావ విచారణ, రసాభాస చర్చ మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తరగతిలో ‘కల్కి’ పాత్రల జంటల గురించి విద్యార్థులు వాదించుకుంటున్నప్పుడు, ఆ వాదనను ఆపకుండా “ఆమెకు ఇష్టమని నీకు కథలో ఎక్కడ కనిపించింది?” అని అధ్యాపకుడు అడిగితే, రసాభాస పాఠం అక్కడే మొదలవుతుంది.