ఎత్తేముందు నేలనడగండి

తెనాలి శిల్పశాలల్లో తయారైన భారీ విగ్రహం లారీ ఎక్కాలంటే క్రేన్ రావాలి. రేపల్లె వైపు కాలువలోకి బోల్తాపడ్డ ట్రాక్టర్ ఒడ్డెక్కాలన్నా, బాపట్లలో కడుతున్న గోదాముకు ఇనుప దూలాలు పైకి చేరాలన్నా క్రేనే. ఒకప్పుడు గొలుసు కప్పీలు, దుంగలు, పాతికమంది మనుషులు పొద్దస్తమానం చేసిన పనిని ఇప్పుడు ఒక ఫోన్ కొట్టి, గంటకింత అని మాట్లాడుకుని పూర్తి చేయించుకుంటున్నాం. మంచిదే. కానీ ఆ ఫోన్‌లో మనం అడిగేవి రెండే: ఎప్పుడొస్తావు, ఎంత తీసుకుంటావు. ప్రాణాలు కాపాడే ప్రశ్నలు ఆ రెండింటిలో లేవు.

2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. షిప్‌యార్డు ఉద్యోగులతోపాటు కాంట్రాక్టు సంస్థల కార్మికులూ ఆ మృతుల్లో ఉన్నారు. వాడకంలోకి తెచ్చే ముందు లోడు పరీక్ష చేస్తుండగా జరిగిన ప్రమాదమది. యంత్రం బరువుకు తట్టుకుంటుందో లేదో తెలియకే కదా పరీక్ష పెట్టేది! అలాంటప్పుడు క్రేన్ మీదగానీ, అది పడితే తగిలేంత దూరంలోగానీ, తప్పనిసరైనవాళ్లు తప్ప ఒక్క మనిషి కూడా ఉండకూడదు. ఇంజినీర్లు, పర్యవేక్షకులు ఉన్న ప్రభుత్వరంగ సంస్థలోనే అంత ఘోరం జరిగితే, మేస్త్రీ ఒక్కడే అన్నీ చూసుకునే మన ఊరి పనిచోట ఇంకెంత జాగ్రత్త పడాలి?

డెల్టా నేల సంగతి వేరు

కృష్ణా పశ్చిమ డెల్టా నేల వరికి వరం. క్రేనుకు మాత్రం నమ్మదగ్గది కాదు. వేసవిలో పైపొర ఎండి బండలా కనిపిస్తుంది. అడుగూ రెండడుగుల కింద మెత్తటి బంకమన్ను ఉంటుంది. కాలువలకు నీళ్లొదిలాక ఆ మన్ను మరీ వదులవుతుంది. క్రేన్ నాలుగు పక్కలా దించే జాకీలు మోపేది ఆ నేలమీదే.

ఒక చిన్న లెక్క చూడండి. బరువు ఒకవైపు తిరిగినప్పుడు ఒక్క జాకీ మీదే 20 టన్నులు పడిందనుకుందాం. దాని కింద అడుగు చదరపు ఇనుప పళ్లెం మాత్రమే ఉంటే నేలమీద ఒత్తిడి చదరపు మీటరుకు 200 టన్నులు దాటుతుంది. మెత్తటి బంకమట్టి సురక్షితంగా మోసేది చదరపు మీటరుకు సుమారు 10 టన్నులే. మరీ మెత్తనిదైతే అందులో సగం. ఆ జాకీ కింద నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున స్లీపర్ చెక్కలు దగ్గరదగ్గరగా పరిస్తే ఒత్తిడి పదమూడున్నర టన్నులకు దిగుతుంది. అదీ చాలదు. అయిదడుగులకు అయిదడుగులు పరిస్తేనే తొమ్మిది టన్నుల లోపుకు వస్తుంది. దొరికిన రెండు ఇటుకలో, విరిగిన సెంట్రింగు చెక్కో జాకీ కింద తోసి ‘కానీయండి’ అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. చెక్కల కింద నేలను చదును చేయాలి, గట్టిగా దిమ్మిస కొట్టాలి. కాలువ గట్టు, పునాది గొయ్యి, సెప్టిక్ ట్యాంకు, కొత్తగా పూడ్చిన పైపుగుంట దగ్గర్లో జాకీ దించకూడదు. గొయ్యి ఎంత లోతుందో కనీసం అంత దూరమైనా వదలాలి. మన నేలల్లో అంతకంటే ఎక్కువే వదలాలి.

టన్నుల మాట

‘పది టన్నుల క్రేన్ తెప్పించాం, ఈ మూడు టన్నులు ఓ లెక్కా’ అనే మాట తరచూ వినపడుతుంది. ఆ పది టన్నులు బూమ్ (క్రేన్ చెయ్యి) పూర్తిగా ముడుచుకుని, బరువు క్రేన్‌కు బాగా దగ్గరగా ఉన్నప్పటి మాట. రెండు మీటర్ల దూరంలో 10 టన్నులు ఎత్తగలిగిన క్రేన్ ఎనిమిది మీటర్ల దూరంలో రెండున్నర టన్నులకు మించి ఎత్తలేదు. బూమ్ సొంత బరువు కూడా కలుపుకుంటే అంత కూడా ఎత్తలేదు. ఎంత దూరానికి ఎంత బరువో చెప్పే లోడ్ చార్టు ప్రతి క్రేన్ క్యాబిన్‌లోనూ ఉండాలి. చార్టు లేకపోయినా, చెరిగిపోయినా ఆ క్రేన్‌ను వెనక్కి పంపేయడమే న్యాయం.

కాలువలో పడ్డ వాహనాలు తీసేటప్పుడు ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది. బురదలో కూరుకున్న ట్రాక్టర్ బరువు ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉన్న బరువు కాదు. లోపల నిండిన నీళ్లు, పట్టుకున్న బురద, పైకి రానివ్వకుండా కిందికి పీల్చే శక్తి అన్నీ కలుస్తాయి. పైగా గట్టుమీంచి ఏటవాలుగా లాగుతారు. క్రేన్ నిలువుగా ఎత్తడానికి చేసిన యంత్రం. పక్కకు లాగితే బూమ్ మెలి తిరుగుతుంది, బండి బోల్తా పడుతుంది.

నిబంధనలు కొత్తవేం కావు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో అన్నీ ఉన్నాయి. ఆ చట్టాన్ని తర్వాత 2020 వృత్తి భద్రతా కోడ్‌లో కలిపారు. క్రేన్‌ను మొదటిసారి వాడే ముందు, పెద్ద మరమ్మతు చేసినప్పుడు, ఎలాగూ అయిదేళ్లకోసారి, అర్హతగల వ్యక్తితో లోడు పరీక్ష చేయించాలి. ఏడాదికోసారి నిశితంగా తనిఖీ చేయించాలి. ఇనుప తాడును మూడు నెలలకోసారి చూడాలి. ఒక్క తీగ తెగినా ఇక నెలనెలా చూడాల్సిందే.

బండి ముందు నడిచే మనిషి

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ‘హైడ్రా’. బరువును ముందు వేలాడేసుకుని టైర్లమీదే నడిచే క్రేన్. సన్నటి సందులో ఊచల కట్టను మోసుకొస్తుంటే, అది ఊగకుండా ఓ కుర్రాడు చేత్తో పట్టుకుని బండి ముందు వెనక్కి నడుస్తుంటాడు. అతని కళ్లు ఊచలమీదే ఉంటాయి. అడ్డొచ్చే బూమ్, వేలాడే సరుకు వల్ల ఆపరేటరుకు ఆ కుర్రాడు కనిపించడు. కాలు జారితే చక్రం కిందే. బరువుకు పొడవాటి తాడు కట్టి, పక్కకు దూరంగా నిలబడి దాన్ని పట్టుకుంటే ఈ ప్రమాదం ఉండదు. దానికయ్యే ఖర్చు ఒక్క తాడు.

వేలాడే బరువు కింద ఎవరూ ఉండకూడదు. క్రేన్‌మీద మనుషుల్ని ఎక్కించకూడదు. 2023 జనవరి 22న తమిళనాడులోని అరక్కోణం సమీపాన గుడి ఉత్సవంలో దేవతకు దండలు వేయడానికి జనం ఎక్కిన క్రేన్ పడిపోయి నలుగురు చనిపోయారు. నాయకులకు క్రేన్లతో గజమాలలు వేసే మన సభల నిర్వాహకులు ఆ సంఘటన గుర్తుపెట్టుకోవాలి.

పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగల దగ్గర పనుంటే ముందుగా విద్యుత్ శాఖ దగ్గర ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సరఫరా ఆపించాలి. బూమ్ తీగను తాకక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. అమెరికా నిబంధనల్లో 50 కేవీ వరకూ కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి.

గాలి సంగతి బాపట్ల తీరానికి ఒకరు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక రాగానే క్రేన్ బూమ్ దించి పెట్టాలి. 2015 సెప్టెంబరు 11న మక్కాలో పెనుగాలికి క్రేన్ కూలి వందమందికి పైగా యాత్రికులు చనిపోయారు. పని లేనప్పుడు బూమ్ దించి ఉండాల్సిందని విచారణ కమిటీ చెప్పింది.

ఇన్ని నిబంధనలూ చివరికి క్యాబిన్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఉంటాయి. ఆపరేటర్లలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. కింద తెలుగులో పదిమంది పది రకాలుగా అరుస్తుంటారు. సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి. ‘ఆపు’ అన్న సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపరేటరు ఆపేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ‘ఇది ఎత్తలేను’ అని అతను చెప్తే ఆ మాటే చివరిమాట కావాలి. నిజానికి జరుగుతున్నదేమిటి? నేల బాగాలేదని అతనంటే ‘ఇంకొకణ్ని పిలుస్తాం పో’ అంటున్నాం. పొట్టకూటికి వచ్చినవాడు భయపడుతూనే లివర్ కదుపుతున్నాడు. ఆ బలవంతం మనదైనప్పుడు ప్రమాదానికి బాధ్యతా మనదే.

మేస్త్రీలారా, ఇల్లు కట్టుకునేవారలారా, ఉత్సవ కమిటీ పెద్దలారా! ఈసారి క్రేన్ మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు తనిఖీ సర్టిఫికెట్ మీద తేదీ అడగండి. స్లీపర్ చెక్కలు వెంట తెమ్మని చెప్పండి. ఆపరేటరు వద్దన్న రోజు గంట అద్దె చేతిలో పెట్టి, పని రేపటికి వాయిదా వేయండి.