ఎవరి దస్త్రము వారిదే

మన శ్రీకాకుళ, విజయనగరములలో యూదుల ప్రార్థనామందిర మొక్కటియు లేదని ఎరిగియుండియే, యూదసమాజముల దస్త్రముల సంరక్షణమునుగూర్చి ముఖచిత్ర కథనము శుక్రవారమునాటికి అందవలెనని సంపాదకులు పురమాయించిరి. తెలుగు యూదులను చూడవలెనన్న గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెము దారి పట్టవలసినదే.

చరిత్ర క్లుప్తముగా నిది. క్రీ.పూ. 722 ప్రాంతమున అస్సీరియనులు ఇశ్రాయేలు రాజ్యమును కూల్చగా చెదరిపోయిన పది గోత్రములలో ఎఫ్రాయిము గోత్రము తమదని, అంతకుమునుపు క్రైస్తవులైయుండిన కొన్ని మాదిగ కుటుంబములవారు, యాకోబి సోదరుల నాయకత్వమున, 1980వ దశకము చివర ప్రకటించుకొని, పిమ్మట మందిరమును కట్టుకొనిరి. బెనె ఎఫ్రాయిము అనునది వారి పేరు. ఇట్టి వాదమే చేసిన మణిపూర్, మిజోరముల బ్నై మెనషెవారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ అంగీకరించెను గాని, వీరి కా భాగ్యము కలుగలేదు. ఆ వంశవృక్షమునందు నాకును అంతగా నమ్మిక లేదు; అయినను ఒక సమాజము తన్ను తాను ఏమని పిలుచుకొనెనో భద్రపరుపబడవలెనన్న విషయమున మాత్రము నాకు సందేహము లేదు.

నన్ను పట్టి నిలిపిన పత్రము మందిరములోనిది కాదు, ప్రభుత్వముది: 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు. దాని మూడవ పేరా షెడ్యూల్డు కులపు హోదాను, కొద్దిపాటి మినహాయింపు తప్ప, హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరిరి. క్రైస్తవులకు, మహమ్మదీయులకు, యూదులకు నేటికిని అందు చోటు లేదు. కావున తహశీల్దారు కచేరిలో కుల ధ్రువపత్రముకొరకు నిలుచున్న మాదిగ యువకుడు, శనివారమునాడు ఏ భాషలో ఏ దేవుని ప్రార్థించినను, మతమను గడిలో చట్టమొప్పిన మాట యున్నగాని వానికి షెడ్యూల్డు కులపు విద్యార్థివేతనము లేదు, ఉద్యోగమున రిజర్వేషను లేదు. నూరేండ్ల తరువాత ఆ గడులను మాత్రమే చూచిన చరిత్రకారుడు కొత్తరెడ్డిపాలెమున యూదులే లేరని తేల్చినచో, తప్పు పట్టవలసిన దెవరిని?

2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజులు వీరినిగూర్చి వ్రాసిన గ్రంథమును ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిరి. మేలే, కాని పండితుని గ్రంథము పండితుని ప్రశ్నలకు సమాధానము. పుట్టిన బిడ్డ పేరు, పెండ్లినాటి సాక్షులు, ఖననమునకు వచ్చినవారు, మందిరపు కప్పునకు చందా లిచ్చినవారు, ఇవి వ్రాయదగిన చోటు ఆ సమాజపు పుస్తకమే. ఇట్టి చిల్లర వ్రాతల విలువ కైరోలో తెలిసినది: 1896-97లో అచటి పాత యూద మందిరపు గదినుండి షెక్టరు పండితుడు కేంబ్రిడ్జికి తరలించిన చినుగు కాగితములలో, పన్నెండవ శతాబ్దిలో మంగళూరున కాపురమున్న అబ్రహాము బెన్ యిజు అను వర్తకుని ఉత్తరములును, వాటి వెనుకతట్టున ఆయన గిలికిన పద్దులును బయటపడి, హిందూమహాసముద్ర వాణిజ్య చరిత్రకు ఆధారములైనవి.

శ్రీకూర్మపు స్తంభములు

కాగితము మాట అటుండగా, మన శ్రీకూర్మనాథుని ఆలయమున దాతల దానములు రాతిపై నిలిచినవి. 1281 నాటి నరహరితీర్థుల సంస్కృత శాసనము, యోగానంద నరసింహుని గుడి కట్టించిన వైనమును నేటికిని చెప్పుచున్నది. 1925లో అచ్చయిన దక్షిణ భారత శాసనముల ఐదవ సంపుటమున ఈ ఆలయ శాసనము లున్నవి.

సముద్రము దాటిన కాగితములు

మన సీమ దస్త్రములే కొన్ని దూరదేశములకు చేరినవి. 1805లో విశాఖపట్టణమున దిగిన క్రాను, డెస్‌గ్రాంజెసుల లండను మిషనరీ సంఘపు దస్త్రములు నేడు లండనులోని సోయాస్ గ్రంథాలయమున నున్నవి. బొబ్బిలి, శ్రీకాకుళములలో పనిచేసిన కెనడా బాప్టిస్టులవి కొన్ని ఒంటారియోలోని హామిల్టనున నున్నవి.

ఇక మన వంతు

2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళ జిల్లా ఉద్దానమును తుడిచిపెట్టిన తీరు మనకు తెలియును; ఉప్పుగాలి, చెదలు, వానకారు కప్పులు సరేసరి. చర్చి గాని, మసీదు గాని, భజనమండలి గాని, కులసంఘము గాని, మీ సంఘపు తీర్మానముల పుస్తకము, చందాల చిట్టా ఎవరి యింట నున్నవో ఈ ఆదివారమే విచారింపుడు. నేలకు తగులని యెత్తున పెట్టెలో నుంచి, ప్రతి పుటకు ఫోటో తీయించి, ఒక ప్రతిని వేరొక యూరి గ్రంథాలయమున దాచుడు. ఈ పనికి ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు.