అతికినట్లుండు అబద్ధము

సంస్కృతమున 'నిజ' శబ్దమునకు 'తనదైన', 'సహజమైన' అని అర్థము; ఆ మాట తెలుగునకు వచ్చి స్థిరపడిన పిదప 'సత్యము' అను అర్థమునే ముఖ్యముగా సంపాదించుకొన్నది. దానికెదురుగా మనము నిలిపిన 'అబద్ధము' అను పదమును విడదీసి చూచినచో 'కట్టుబడనిది', 'పొందిక లేనిది' అని తేలును. వస్తువునకు సొంతమైనది నిజము, దేనితోను ముడిపడక వ్రేలాడునది అబద్ధము: ఏ తార్కికుడును కూర్చుండి నిర్ణయింపకయే జనుల నోట నానిన ఈ రెండు పదములలో ఒక చిన్న దర్శనమే ఇమిడియున్నది. అయితే ఆ జనులే 'అబద్ధమాడినను అతికినట్లుండవలెను' అని సామెతయు కట్టిరి. అతకనిదని పేరు పెట్టి, అతికినట్లుండుమని దానిని ఆజ్ఞాపించుట ఎంత చమత్కారము! అతుకుటకు వేఱొకటి కావలెను గదా. ఆ వేఱొకటి సత్యమే. మూడు రూపాయల దొంగనోటును అచ్చొత్తించు మూఢుడెవ్వడును ఉండడు.

ఈ సంగతినే మన శాస్త్రకారులు ముత్యపుచిప్పను చేతబట్టుకొని శతాబ్దములు చర్చించిరి. 17వ శతాబ్దివాడైన ఆంధ్రుడు అన్నంభట్టు, బాలురకు సుఖముగా బోధపడుటకై రచించిన తర్కసంగ్రహమున, ఏ ధర్మము ఏ వస్తువునందున్నదో ఆ ధర్మము కలదానినిగానే దానిని గ్రహించుట యథార్థమనియు, లేనిధర్మమును ఉన్నట్లు గ్రహించుట అయథార్థమనియు చెప్పి, ఈ రెండవదానిని సంశయము, విపర్యయము, తర్కము అని మూడుగా విభజించెను. మసకవెలుతురులో నిలిచినది మ్రోడో మనుష్యుడో అని ఊగిసలాడుట సంశయము; చిప్పను చూచి 'ఇది వెండి' అని నిశ్చయించుకొని వంగి తీసికొనబోవుట విపర్యయము. మూడవదాని జోలికి మనమిప్పుడు పోవలదు.

ఆ చిప్పలో కనబడిన వెండి ఎక్కడిది? అంగడిలో మునుపు చూచిన వెండియే ఇక్కడ భాసించినదని నైయాయికులు. ఎదుటనున్న 'ఇది' యొకటి, స్మృతికి వచ్చిన 'వెండి' యొకటి, ఈ రెంటి భేదము తోపకపోవుటయే తప్ప ఇందు భ్రాంతిజ్ఞానమనునది వేఱుగా లేదని ప్రాభాకరులు. బొత్తిగా లేనిదైనచో కనబడకూడదు, ఉన్నదైనచో తరువాత లేకుండ పోగూడదు, కావున అనిర్వచనీయమని అద్వైతులు. ఈ కలహమున నాకు మిక్కిలి ముచ్చటగా తోచునది, ఈ మువ్వురును కాదనని ఒక చిన్న విషయము: పుట్టి బుద్ధెఱిగి వెండిని చూడనివానికి చిప్ప చిప్పగానే ఉండును. పొరబడుటకైనను ముందు కొంత నిజము తెలిసియుండవలెను.

మీమాంసకుడైన కుమారిలభట్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, జ్ఞానము స్వతస్సిద్ధముగానే ప్రమాణమనియు, ఇంద్రియదోషమో, విరుద్ధమైన మఱొక జ్ఞానమో అడ్డుపడినప్పుడే అది అప్రమాణమని తేలుననియు సిద్ధాంతము చేసెను. నైయాయికులు దీని నంగీకరింపరు. వాదమున గెలుపెవరిదైనను, వీథిలో మనమందఱము మీమాంసకులమే: స్టేషనునకు దారి చెప్పిన బాటసారిని సాక్ష్యము తెమ్మని ఎవరడుగుదురు? మోసగాడు వ్యవసాయము చేయునది ఈ నమ్మకమనెడి మాగాణిలోనే.

ద్రోణపర్వమును ఈ దృష్టితో చూడుడు. భీముడు తమ సేనలోనివాడైన మాళవరాజు ఇంద్రవర్మ ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చెనని ద్రోణుని ఎదుట అఱచినను, ఆచార్యుడు నమ్మలేదు. ముల్లోకముల రాజ్యము లభించునన్నను బొంకడని తానెఱిగిన ధర్మరాజునే అడిగెను. ఆ నాలుకపై అంతవఱకు ఒక్క కల్లయు నిలువకుండుటచేతనే ఆనాటి కల్ల ఫలించినది. ఇంతకును అతడు పలికిన పలుకులలో అబద్ధమేది? ఏనుగు పేరు అశ్వత్థామయే, అది చచ్చినమాటయు నిజమే. ఏనుగను మాటను మాత్రము వినబడీ వినబడనట్లు పలికెను. పదములు యథార్థములు, వినువాని మనస్సున పుట్టింపదలచిన జ్ఞానము అయథార్థము. అంతవఱకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచిన ఆతని రథము అప్పుడు నేలను తాకెనని వ్యాసుడు వ్రాసెను. కర్ణపర్వమున కృష్ణుడు చెప్పిన కౌశికుని కథ దీనికి తలక్రిందులు: సత్యవ్రతుడైన ఆ తపస్వి, ప్రాణభీతితో దాగినవారి జాడను దొంగలకు ఉన్నదున్నట్లు చెప్పి నరకమునకు పోయెను.

ధర్మరాజు సంగతి స్వర్గారోహణపర్వమున గాని ముగియలేదు. దుర్గంధమయమైన చీకటిత్రోవలో దేవదూత అతనిని నడిపింపగా, భీమార్జునుల గొంతులు, ద్రౌపది గొంతు అతని చెవిని బడినవి. అవి ఇంద్రుడు కల్పించిన మాయయని ఎఱుగక అతడు దుఃఖించి, దేవతలను, ధర్మమును సైతము నిందించెను. తరువాత ఇంద్రుడు వచ్చి, వ్యాజముతో ద్రోణుని వంచించితివి గనుక వ్యాజముతోనే నీకు నరకము చూపబడినదని తెలిపెను. చీకటి తొలగెను, దుర్గంధము పోయెను. కాని అంతకు మునుపు, కొడుకు చచ్చెనని నమ్మి ద్రోణుడు అస్త్రములు విడిచినట్లే, ధర్మరాజును ఆ గొంతులను నమ్మి, ఇక స్వర్గమునకు రాను, ఇచ్చటనే యుందునని దూతను త్రిప్పి పంపియుండెను.