కేదార్‌నాథ్ హెలికాప్టర్ ఎక్కేముందు: తనిఖీలు ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు?

వేసవి వచ్చిందంటే చార్‌ధామ్ యాత్రకు బయల్దేరే మన పెద్దలు సంఘం ఆఫీసులో అడిగే మాట ఒకటే: "కొండెక్కలేం, హెలికాప్టర్ ఎక్కితే ఫరవాలేదా?" 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లాలో ఒక హెలికాప్టర్ కూలి ఆరుగురు, జూన్ 15న గౌరీకుండ్ దగ్గర మరొకటి కూలి ఏడుగురు చనిపోయారు. అప్పట్నుంచి ఈ ప్రశ్న ఎక్కువైంది. అందుకే తెలిసినంత మేరకు రాస్తున్నాం.

మన దేశంలో పౌర హెలికాప్టర్లన్నిటికీ నియమాలు పెట్టేది డీజీసీఏ. మన లారీలకు ఎఫ్‌సీ ఉన్నట్టే వీటికి ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్ ఉంటుంది. గడువు ఒక సంవత్సరం. అయితే లారీ ఎఫ్‌సీ అయ్యాక మళ్లీ గడువు తీరేదాకా ఎవరూ చూడరు. ఇక్కడ అలా కుదరదు. రోజూ ఎగిరే ముందు చూడాలి, ఇన్ని గంటలు ఎగిరాక ఇది విప్పి చూడాలి అని తయారీదారు రాసిచ్చిన పట్టిక ప్రకారం నడవాలి.

కొన్ని భాగాలకు ఆయుష్షు కూడా లెక్కే. చూడ్డానికి బాగానే ఉన్నా, గంటలు నిండితే తీసి పారేయాల్సిందే. ఎగరకుండా షెడ్డులో ఉన్నా వయసు మీద పడుతుంది: రాబిన్సన్ ఆర్-44 అనే చిన్న హెలికాప్టర్‌ను 2,200 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందొస్తే అప్పుడు, పూర్తిగా ఓవర్‌హాల్ చేయాలి.

ఏ రిపేరు చేసినా లైసెన్సున్న ఇంజినీరు సంతకం చేయనిదే అది గాలిలోకి లేవకూడదు. యజమాని ఎంత పెద్దవాడైనా సరే. రిజిస్టర్లతో ఉద్యోగం వెళ్లదీసిన మాలాంటివాళ్లకు ఆ సంతకం బరువు తెలుసు. కింద పేరు పెట్టినవాడే రేపు జవాబు చెప్పాలి.

అయితే మిషను బాగున్నంత మాత్రాన అయిపోలేదు. ఉత్తరకాశీ ప్రమాదంలో రోడ్డు మీద దింపబోతుంటే రెక్క పైనున్న కేబుల్‌కు తగిలిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పోయింది కూడా కైకలూరు దగ్గర చేపల చెరువులో. పైలట్ దాన్ని గట్టినేల అనుకున్నాడట. యానాంలో మనవాళ్లు ఆయన పేరున్న వారధి మీదుగానే రోజూ గోదావరి దాటుతారు.

కేదార్‌నాథ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, హెలికాప్టర్ మోసే బరువు తగ్గుతుంది. ఎక్కేముందు మనిషినీ, సంచినీ తూచేది అందుకే. మబ్బు పట్టిందని పైలట్ ఆపేస్తే, రిటర్న్ రైలు టికెట్టు చూపించి ఒత్తిడి చేయకండి.

టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైటులో మాత్రమే కొనండి. వాట్సాప్‌లో వచ్చే ఏజెంట్లకు డబ్బు పంపవద్దు. దానికి ముందు యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కంప్యూటర్ రాని పెద్దలు ఆధార్ కార్డు, ఫోను తీసుకుని సాయంత్రం పూట ఆఫీసుకు వస్తే మేం చేసిపెడతాం.