పాఠశాల నర్సు – ఆమె చదువు, ఆమె సేవ

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఏ చదువుకు పోవలెనని మా సలహా కోరి వచ్చే విద్యార్థినులు ప్రతి సంవత్సరం ఉంటారు. అటువంటి వారిలో పలాస ప్రాంతం నుండి వచ్చిన ఒక అమ్మాయి మా ముందుంచిన ప్రశ్నయే ఈ వ్యాసానికి మూలం. "మాస్టారూ, నర్సింగులో చేరాలని ఉందండి. ఇంట్లో మాత్రం రాత్రిపూట ఆసుపత్రిలో పని మనకెందుకమ్మా అంటున్నారు. పగలు బడిలో పనిచేసే నర్సులు ఉండరా?" అని ఆమె అడిగినది. మేము బోధించేది తెలుగు. వైద్యం మా విషయం కాదు. ఐనను ఆ ప్రశ్నకు సమాధానం తెలుసుకొనుట మా విధి అనిపించినది. తెలుసుకున్నంతలో మా విద్యార్థినులకు ఉపయోగపడునని తలచి ఇక్కడ వ్రాస్తున్నాము.

పాఠశాల నర్సు అనే భావన నూరేళ్ళకు పైబడినది. 1902 అక్టోబరులో న్యూయార్కు నగరంలో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు పాఠశాలలలో ఒక నెలపాటు ప్రయోగాత్మకంగా నియమించారు. అంతవరకు గజ్జి, కంటికలక వంటి అంటువ్యాధులు కనబడిన పిల్లలను వైద్యులు ఇంటికి పంపివేసేవారు. ఇంటివద్ద చికిత్స చేసే దిక్కు లేక ఆ పిల్లలు వారాల తరబడి బడికి దూరమయ్యేవారు. రోజర్స్ బడిలోనే మందు రాసి, సాయంకాలం ఆ పిల్లల ఇళ్ళకు పోయి తల్లులకు శుభ్రత బోధించినది. ఏడాది తిరిగేసరికి, ఒక నెలలో పదివేలకు పైగా ఉండిన బహిష్కరణలు సుమారు పదకొండు వందలకు తగ్గినవి. రోగాన్ని చూచి పిల్లవానిని బయటకు పంపుట వైద్యుని పద్ధతి. పిల్లవానిని బడిలో నిలిపి రోగాన్ని బయటకు పంపుట నర్సు పద్ధతి. ఈ విద్య యొక్క సారమంతయు ఇందులోనే ఉన్నది.

మన దేశమునకును ఈ ఆలోచన కొత్తది కాదు. 1909 లోనే బరోడా సంస్థానంలో పాఠశాల బాలబాలికలకు వైద్యపరీక్షలు జరిగినవి. 1960 లో శ్రీమతి రేణుకా రే అధ్యక్షతన భారత ప్రభుత్వం పాఠశాల ఆరోగ్య సంఘాన్ని నియమించగా, ఆ సంఘం మరుసటి సంవత్సరం తన నివేదికను సమర్పించినది.

ఇంగ్లండులో ఇది నేడు ఒక ప్రత్యేక శాస్త్రము. అక్కడ ముందుగా నర్సుగా గాని, మంత్రసానిగా గాని నమోదైనవారు మాత్రమే పాఠశాల నర్సు శిక్షణకు అర్హులు. పూర్తికాలం చదివినచో సుమారు ఒక సంవత్సరం పడుతుంది. సమాజ ప్రజారోగ్య నిపుణులైన నర్సుల కొరకు 2004 లో అక్కడి నర్సుల పట్టికలో ఒక విభాగాన్నే వేరుగా తెరిచారు. వార్డులో నర్సు ముందు ఒక రోగి ఉంటాడు. పాఠశాల నర్సు ముందు రోగులు కాని కొన్ని వందల మంది పిల్లలుంటారు. వారిలో ఎవరు రోగులు కాబోతున్నారో కనిపెట్టుట ఆమె పని. అందుకే వేరు శిక్షణ.

మన దేశంలో ఈ పేరుతో నమోదయ్యే ప్రత్యేక అర్హత లేదు. దానికి మిక్కిలి సమీపమైనది సామాజిక ఆరోగ్య నర్సింగు. అచ్చటికి చేర్చే మెట్లు ఇవి. మొదటిది ఏ.ఎన్.ఎం. శిక్షణ, రెండేళ్ళది. ఇంటర్మీడియట్ ఏ గ్రూపుతో ఉత్తీర్ణులైనను చేరవచ్చును. రెండవది జి.ఎన్.ఎం.; మూడేళ్ళది. దీనికి కూడ సైన్సు తప్పనిసరి కాదు గాని, సైన్సు చదివినవారికి ప్రాధాన్యం ఉంటుంది. మూడవది బి.ఎస్సీ. నర్సింగు, నాలుగేళ్ళది. దీనికి ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండవలెను. ఈ మూడింటిలోను సామాజిక ఆరోగ్యం ఒక ముఖ్య పాఠ్యాంశం. పాఠశాల ఆరోగ్యం అందులో భాగం. పట్టం పొంది, రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేసుకొని, ఒక సంవత్సరం అనుభవం గడించిన పిమ్మట రెండేళ్ళ ఎం.ఎస్సీ.లో సామాజిక ఆరోగ్య నర్సింగును ప్రత్యేక విషయంగా ఎంచుకొనవచ్చును.

ఇక ఉద్యోగాల మాట. 2013 లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్యబృందాలు ఏర్పడినవి. ఒక్కొక్క బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏ.ఎన్.ఎం. లేక స్టాఫ్ నర్సు ఉండవలెనని నియమం. వీరు బడులకు వెళ్ళి, పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగింటిని పరీక్షిస్తారు. 2018 తరువాత గ్రామస్థాయి ఆరోగ్యకేంద్రాలలో బి.ఎస్సీ. నర్సులను సామాజిక ఆరోగ్య అధికారులుగా నియమించుట జరిగినది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి వసతి పాఠశాలలలో ఏ.ఎన్.ఎం.లు ఉన్నారు. కాని ప్రతి బడికి ఒక నర్సు అనే ఏర్పాటు మాత్రం మనకు లేదు.

ఆ ఏర్పాటు ఎంత అవసరమో తెలియవలెనన్న ఉద్దానం పోయి చూడవలెను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలతో పచ్చగా కనిపించే సీమ అది. ఉద్యానం అనే మాటయే ఉద్దానమైనదని చెప్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఆ తోటలను నేలమట్టం చేసినది. నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పట్టినను, చెట్టు మరల వస్తుంది. చెడిన మూత్రపిండం మరల రాదు. ఆ సీమను తుఫానుకంటె ఎక్కువగా పీడిస్తున్నది ఈ రెండవ విపత్తే.

మధుమేహం గాని, రక్తపోటు గాని మూలం కాకుండగనే అక్కడి రైతుకూలీల మూత్రపిండాలు క్షీణిస్తున్నవి. 2019 లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పరీక్షించిన పెద్దవారిలో నూటికి సుమారు పద్దెనిమిది మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలినది. శ్రీలంక ఉత్తరమధ్య మండలంలోని వరిరైతులలోను, మధ్య అమెరికాలోని చెరకుకూలీలలోను ఇటువంటి వ్యాధియే కనిపించినది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, వంశలక్షణం అని పలు కారణాలను శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు, ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి త్రాగునీరు తెచ్చే పథకం కూడ ఆనాడే ప్రారంభమైనది.

ఇది పెద్దలకు వచ్చే రోగం గదా, బడిలో నర్సు చేయునదేమి అని పాఠకులు అడుగవచ్చును. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షిస్తేనే తెలుస్తుంది. బాధ తెలిసే నాటికి రోగం ముదిరి ఉంటుంది. కావున ఒంట్లో బాగున్నప్పుడే పరీక్ష చేయించుకొనవలెననే అలవాటు చిన్ననాటనే పడవలెను. ఒళ్ళునొప్పులకు అంగడిలో కొని మ్రింగే నొప్పిమాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తవని పదేళ్ళ పిల్ల నేర్చుకుంటే, సాయంకాలం పొలం నుండి వచ్చిన తండ్రికి ఆ మాట చెప్తుంది. మా అనుభవంలో, అధికారులు చెప్పినచో వినని తండ్రులు కూడ కూతురు చెప్పినచో వింటారు.

మరియొక విషయం. డయాలిసిస్ చేయించుకొనే రోగి సాధారణంగా వారానికి రెండు మూడు పర్యాయాలు ఆసుపత్రికి పోవలెను. పోయినప్పుడెల్ల నాలుగు గంటలు యంత్రం ప్రక్కన పడుకొనవలెను. తోడు ఎవరు పోవాలి? తల్లి కూలికి పోతే పెద్దకూతురే గదా! హాజరుపట్టీలో ఆ పిల్ల పేరుకెదురుగా "గైర్హాజరు" అని మాత్రమే ఉంటుంది. ఆ మాట వెనుక ఉన్న మంచాన్ని చూడగల కన్ను నర్సుకు ఉంటుంది. పలాస చుట్టుప్రక్కల జీడిగింజలు వలిచే ఇళ్ళ నుండి వచ్చిన పిల్లవాని వ్రేళ్ళు నల్లబడి తోలు ఊడుతుంటే, అది గజ్జి కాదు, జీడిరసం కాల్చిన గుర్తు అని పోల్చుకొనేది కూడ ఆమెయే. వీటికి తోడు ఎత్తు, బరువు, చూపు, పండ్లు పరీక్షించుట, కంటిరెప్ప తిప్పి రక్తహీనత కనిపెట్టుట, వారానికొకసారి ఇనుపధాతువు మాత్రలు, ఏడాదికి రెండుమార్లు నులిపురుగుల మాత్రలు మ్రింగించుట, ఎదిగిన బాలికలకు నెలసరి శుభ్రతను గూర్చి చెప్పుట — ఇవి ఆమె నిత్యకృత్యాలు.

తెలుగు పంతుళ్ళము కనుక భాషను గూర్చి ఒక మాట. పుస్తకంలో మూత్రపిండం అని ఉంటుంది. ఉద్దానంలో కిడ్నీ అంటేనే తెలుస్తుంది. సరిహద్దు గ్రామాలలో ఒడియా మాట్లాడే తల్లులున్నారు. మన మహల్లాలలో ఉర్దూ తప్ప మరొకటి తెలియని అవ్వలున్నారు. రెండు భాషలు వచ్చిన మన విద్యార్థినికి ఈ వృత్తిలో ఆ రెండవ భాష ఒక పరికరం వంటిది.

ఆడపిల్లకు నర్సు వృత్తి తగదనే పెద్దలకు ఒక పేరు గుర్తుచేస్తున్నాము. ప్రవక్త కాలంలోనే మదీనాలో గాయపడినవారికి శుశ్రూష చేసిన రుఫైదా ఇస్లాం చరిత్రలో గౌరవంగా నిలిచిన స్త్రీ. కందక యుద్ధంలో గాయపడిన సాద్ ఇబ్న్ మువాజ్‌ను ఆమె గుడారానికే చేర్చారు. ఆ గుడారం మన ఇంటికి పరాయిది ఎట్లగును?

కొన్ని రోజులకు ఆ అమ్మాయి తండ్రి మా వద్దకు వచ్చారు. ఈ వివరాలన్నియు చెప్పాము. అన్నీ విని ఆయన, "చదివిస్తాను మాస్టారూ. మరి మా ఊరి బడిలో ఉద్యోగం వస్తుందా?" అని అడిగారు. ఆ ఉద్యోగం నేడు లేదనియే చెప్పవలసి వచ్చినది. ఆరోగ్యకేంద్రంలోనో, సంచార బృందంలోనో చేరి, అక్కడి నుండి బడికి పోవచ్చునని మాత్రం చెప్పగలిగాము. ఆయన కొంత తడవు మౌనంగా ఉండి, దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో అడిగి వ్రాసుకొని వెళ్ళారు.

తండ్రి తన వంతు చేయుటకు సిద్ధమైనారు. ప్రతి బడికి నర్సు కావలెనని అడుగుట మన వంతు. ఆ పదవి ఏర్పడిన నాడు దానికి తగిన శిక్షణ పొందినవారు ఉద్దానం బిడ్డలలోనే, మన విద్యార్థినులలోనే ఉండవలెనని మా ఆకాంక్ష.