మీకు తెలుసా? గోరు మొదట్లో ఆ బుడిపె గోరుచుట్టు కాకపోవచ్చు

వేలి చివరి కణుపుకూ గోటికీ మధ్య చిన్న బుడిపె. నున్నగా మెరుస్తుంది, లోపల జిగట నీరు. గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగేవాళ్లు ఉంటారు. కానీ ఇది కీళ్ల అరుగుదల పని: అరిగిన కణుపులోని జిగురు బయటికొచ్చి చర్మం కింద చేరుతుంది. ఆ బుడిపె గోరు మొదలును నొక్కితే గోటి మీద నిలువుగా గాడి పడుతుంది. ఒక్కోసారి బుడిపె కంటే ముందు కనిపించేది ఆ గాడే!

ఇలా అరిగిన కణుపుల పక్కన పెరిగే ఎముక గడ్డలను ఇంగ్లండ్ వైద్యుడు విలియం హెబర్డెన్ పేరుతోనే పిలుస్తారు. వాటిని వర్ణించిన ఆయన పుస్తకం 1802లో, ఆయన పోయిన మరుసటి ఏడు అచ్చయింది. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఇవి ఎక్కువ. తల్లికుంటే కూతురికీ రావచ్చు.

గుంటూరు దగ్గర నల్లపాడు వైపు మిర్చి తొడిమలు తీసే చేతులకు ఒక్క మాట: బుడిపెను పిన్నీసుతో పొడవొద్దు. కారం మంట సంగతి అటుంచి, సూక్ష్మజీవులు నేరుగా కీలులోకి పోతాయి. ఈ బుడిపె క్యాన్సర్ కాదు. బాధ లేకపోతే వదిలేయొచ్చు, కొన్ని వాటంతటవే పోతాయి. సూదితో నీరు తీయించినా తరచూ తిరిగొస్తుంది. బుడిపెతో పాటు కింద పెరిగిన ఎముక మొననూ తీసేసే చిన్న ఆపరేషన్ చేస్తే మళ్లీ రావడం తక్కువ. దానికి వేలి వరకు మత్తిస్తే సరిపోతుంది. ఎర్రబడినా, చీము పట్టినా మాత్రం ఆగకుండా గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాలి.